విరమించుట, విరమింపజేయుట

'ఫర్లో' అన్న మాట ఈనాడు మన పత్రికల్లో ఎక్కువగా ఖైదీల విషయంలోనే కనబడుతుంది. శిక్ష అనుభవిస్తున్నవాడికి కొన్నాళ్ళు ఇంటికి పోయిరమ్మని ఇచ్చే సెలవు అది. కుంఫిణీ కాలంలో ఆ మాటకు మర్యాద ఎక్కువ. దొరలు సముద్రం దాటి స్వదేశానికి పోయి రావడానికి పుచ్చుకొనే దీర్ఘమైన సెలవుకు ఆ పేరు. మన బ్రౌను దొర 1830ల నడుమ ఇంగ్లండులో ఉన్నప్పుడు ఇండియా హౌసు గ్రంథాలయంలో మూలుగుతున్న మన దక్షిణాది వ్రాతప్రతులను వెదకి పట్టుకొన్నాడు. కొలువుకు దూరంగా ఉన్న కాలాన్ని అట్లా వినియోగించుకొన్నవారు అరుదు.

అమెరికాలో విమానాలు నడిపే నా పూర్వవిద్యార్థి ఒకడు ఇదే మాటను మూడవ అర్థంలో వాడాడు. వాడు 2000లో ఒక పెద్ద విమానసంస్థలో చేరాడు. మరుసటి యేడు సెప్టెంబరు 11 ఘోరం తరువాత ప్రయాణికులు తగ్గిపోయి, అక్కడి సంస్థలు వేలాదిమంది పైలట్లను 'ఫర్లో' మీద పంపించాయి. అంటే ఉద్యోగం పోయినట్టు కాదు, ఉన్నట్టూ కాదు. జీతం ఉండదు, జాబితాలో పేరు మాత్రం ఉంటుంది. అక్కర పడినప్పుడు పిలుస్తారు. మన నిరుద్యోగి త్రిశంకుడైతే, వీడు సీనియారిటీ నంబరు గల త్రిశంకుడు.

ఆ నంబరు సంగతి వినదగినది. అక్కడ పైలటు బ్రతుకంతా ఆ ఒక్క అంకె మీద నడుస్తుందట. ఏ విమానం నడపాలి, ఏ ఊరు నుంచి బయలుదేరాలి, పండుగకు ఇంట్లో ఉండవచ్చునా, కెప్టెను ఎప్పుడు కావచ్చును, అన్నీ చేరిన తేదీని బట్టే. కష్టకాలంలో చివర చేరినవాడు ముందు బయటికి పోతాడు. మంచికాలం వస్తే బయటికి పోయినవారిలో ముందు చేరినవాడు ముందు లోపలికి వస్తాడు. వేరొక సంస్థకు మారితే, ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నా జాబితాలో అట్టడుగునే. బదిలీల కౌన్సెలింగులో వరుసక్రమం కోసం వరండాలో నిలుచున్న మన ఉపాధ్యాయులకు ఇది తెలియని బాధ కాదు. ఐతే మనల్ని మధ్యలో ఇంటికి పంపరు, అంతే భేదం.

వాణ్ణి 2007లో వెనక్కు పిలిచారు. ఆ యేడే డిసెంబరు 13న అమెరికా ప్రభుత్వం పైలట్ల విరమణ వయస్సును 60 నుంచి 65కు పెంచింది. 1959లో చేసిన అరవయ్యేళ్ళ నిబంధన దాదాపు అర్ధశతాబ్దం నడిచింది. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ అంతకు ముందటి యేడే 65ను అంగీకరించింది గనుక వారికీ తప్పలేదు. కొత్త చట్టంలో రెండు ముళ్ళు ఉన్నాయి. అప్పటికే అరవై నిండి ఇంటికి పోయినవారికి అది వర్తించదు. వారు తిరిగి రాదలచుకొంటే కొత్తవారివలె చేరవలసిందే, పాత నంబరు దక్కదు. చట్టం వచ్చిన నాటికి అరవై నిండడానికి వారం మిగిలినవాడికి ఐదేళ్ళు, వారం దాటినవాడికి సున్న. రెండవ ముల్లు మావాడి వంటివారిది. పైనున్న పెద్దలు ఐదేళ్ళు కదలరు గనుక క్రిందివారు ఐదేళ్ళు ఎక్కరు. 2008లో మాంద్యం వచ్చి మళ్ళీ కొందరు ఫర్లో మీద పోయారు. "మాస్టారూ, పెద్దలు నిలబడితే పిల్లలు పడిపోతారు, ఇదే మా లెక్క" అన్నాడు వాడు.

మన వైపు ఈ ఏర్పాటు ఉన్నదా అని చూస్తే, లేదు. గన్నవరం కేంద్రంగా 2013లో ఎగరడం మొదలుపెట్టిన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. సంస్థే లేనప్పుడు ఫర్లో ఎక్కడిది, తిరిగి పిలిచేదెవరు? కాని మావాడు వ్రాసినది చదువుతున్నంతసేపూ నాకు విమానాలు కాదు, మా యింటి పడమటి వసారా కళ్ళ ముందు ఆడింది. ఆంధ్రదేశంలో వేలాది కుటుంబాలు 1983-85 నడుమ ఈ మూడంకాల నాటకాన్ని చూశాయి. పంపించడం, ఎదురుచూడడం, తిరిగి పిలవడం. చదువరులలో చిన్నవారికి ఆ సంగతి తెలియకపోవచ్చునని కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు మొదట విరమణ వయస్సు 55 ఉండేది. 1979లో దానిని 58 చేశారు. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, 58ని మళ్ళీ 55 చేస్తూ ఉత్తర్వు వెలువడింది. అప్పటికే 55 దాటినవారందరూ ఫిబ్రవరి 28 సాయంకాలం ఇళ్ళకు పోవాలి. తరువాత నిండేవారు నిండిన నెలాఖరుకు పోవాలి. పద్దెనిమిది వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు, పదివేలమంది ప్రభుత్వరంగ సంస్థలవారు ఒక్కసారిగా బయటికి వచ్చారని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నది. కారణం నిరుద్యోగం. చదువుకొన్న యువకులు లక్షల సంఖ్యలో ఖాళీగా ఉన్నారు, పెద్దలు కొంచెం ముందుగా లేస్తే పిల్లలు కూర్చుంటారు అన్నది వాదం. దానిని తీసిపారవేయడానికి వీల్లేదు. నేనే ఆ యువకులలో ఒకణ్ణి. భాషాప్రవీణ పూర్తిచేసి ఆ యేడు పండిత శిక్షణలో ఉన్నాను.

మా నాన్నగారు ఒక ఆఫీసులో గుమాస్తా. రికార్డు ప్రకారం ఆయన పుట్టినతేదీ 1928 జూలై 1. జూలై 1న పుట్టినవాడు జూన్ 30తో వయస్సు నిండినవాడవుతాడన్నది సర్కారు గణితం. కనుక 1983 జూన్ 30న ఆయన చేతికి పూలదండ, శాలువ వచ్చినాయి. నేను శిక్షణ ముగించుకొని కొల్లిపర చేరింది ఆ నెలలోనే. ఒకే ఇంట్లో ఉద్యోగం పోయినవాడొకడు, ఉద్యోగం రావలసినవాడొకడు, ఎదురెదురుగా కూర్చుని మజ్జిగన్నం తిన్నాము.

వ్యాకరణం చదువుకొన్నవాడికి ఇక్కడ ఒక సందేహం కలుగక మానదు. 'పదవీ విరమణ' అంటున్నాము. విరమించుట అంటే తనంతట తాను ఆగుట. వారెవ్వరూ ఆగలేదు. ఆపబడ్డారు. అది ప్రేరణార్థకం, 'విరమింపజేయుట' అనవలసినది. ఇదే మాట నాన్నగారితో అంటే, "నీ పండితశిక్షణ ఫలించింది పో" అన్నారు.

ఆయన ఎవరినీ నిందించలేదు. రెండు నెలలు ఇంట్లో ఉండి, ఆ తరువాత దుగ్గిరాలలో పసుపు కమీషను కొట్లో లెక్కలు వ్రాయడానికి కుదిరారు. మా ప్రాంతంలో పసుపు, కంద, అరటి ప్రధానం. దుగ్గిరాల మార్కెట్టుకు బస్తాలు చేరే ఋతువులో లెక్కలు వ్రాసే చేతికి పని దొరకడం కష్టం కాదు. సాయంకాలం వచ్చేసరికి చొక్కా కాలరు పసుపుపచ్చగా ఉండేది. మా అమ్మ దానిని ఉతుకుతూ, "ఆఫీసు సిరా మరకే నయం, సబ్బుకు పోయేది" అనేది. 1984 వేసవిలో మా చెల్లెలి పెళ్ళికి గ్రాట్యుటీ సొమ్ము చాలామటుకు ఖర్చయింది. నేను ట్యూషన్లు చెబుతున్నాను. ఉపాధికల్పన కార్యాలయంలో నా కార్డు ఉన్నది. పిలుపు లేదు.

ఒకరోజు నేను విసుగుతో ఏదో అన్నాను. ఆయన కండువా దులిపి దండెం మీద వేస్తూ, "ఒరే అబ్బాయ్, నువ్వు కూర్చోవాలంటే ఎవడో ఒకడు లేవాలి గదరా. ఆ లేచినవాణ్ణి నేనే అయ్యాను. లేచిన కుర్చీ నీకు రాలేదని కుర్చీని తిడతావేం?" అన్నారు. ఆ మాటకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఈ రోజూ ఉన్నదని చెప్పలేను. ఎందుచేతనంటే, ఆయన లేచిన కుర్చీలో వెంటనే ఎవరూ కూర్చోలేదు. గుమాస్తా పోయినచోట తెలుగు పండితుడు వస్తాడా? ఖాళీ అన్నది ఒక సంఖ్యగా కాగితం మీద ఒకటే గాని, నేల మీద అది ఒక ఊరు, ఒక శాఖ, ఒక జీతపు పద్దు. పైన ఒకడు లేస్తే క్రింద ఒకడు చేరడానికి మధ్యలో పదోన్నతులు, మంజూరులు, పరీక్షలు, నిషేధాలు ఎన్ని గడపలున్నవో సర్వీసులో చేరిన తరువాత గాని నాకు అర్థం కాలేదు.

1984 ఆగస్టు 16న రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ నెలరోజుల ప్రభుత్వం కథ అందరికీ తెలిసినదే. అది ఉన్న కాలంలోనే ఆగస్టు 23 నుంచి విరమణ వయస్సు తిరిగి 58 అయింది. సెప్టెంబరులో రామారావుగారు మళ్ళీ వచ్చిన తరువాత కూడ అది 58గానే నిలిచింది. ఐదేళ్ళలో 55, 58, 55, 58. జ్యోతిష్కుడు కూడ ఆయుర్దాయాన్ని ఇన్నిసార్లు మార్చడు.

మిగిలిన ప్రశ్న, నడుమ పడిపోయినవారిది. 1983 ఫిబ్రవరి 28కి, 1984 ఆగస్టు 23కి మధ్య ఇంటికి పోయినవారు. ముందువారికి 58, వెనుకవారికి 58, వీరికి మాత్రం 55. మొదట తగ్గింపునే సవాలు చేసిన కె. నాగరాజ్ కేసులో 1985 జనవరి 18న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. విరమణ వయస్సు నిర్ణయించడం విధానపరమైన విషయమనీ, 55 అన్నది నిర్హేతుకం కాదనీ ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి ధర్మాసనం భావించింది. కేరళలో అప్పుడు అదే వయస్సు. ఆ తీర్పు వార్తను నాన్నగారు పత్రికలో చదివి, మడిచి, కొట్టుకు వెళ్ళిపోయారు.

ఆ యేడే ఆగస్టు 19న బి. ప్రభాకరరావు కేసులో మరొక తీర్పు వచ్చింది. వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు. తగ్గించడం తప్పు కాకపోవచ్చును గాని, పెంచేటప్పుడు నడిమివారిని మాత్రమే విడిచిపెట్టడం సమానత్వానికి విరుద్ధమన్నది దాని సారం. 58 ఇంకా నిండనివారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలి, నిండిపోయినవారికి పోయిన కాలపు జీతభత్యాలలో పింఛను మినహాయించి చెల్లించాలి. పైలట్ల భాషలో చెప్పాలంటే రీకాలు. నంబరు పోకుండా రీకాలు. అమెరికా చట్టం 2007లో తన అరవయ్యేళ్ళవారికి చేయనిదానిని మన న్యాయస్థానం 1985లో మనవారికి చేసింది. ఈ సంగతి మావాడికి వ్రాస్తే నమ్మలేదు, తీర్పు పేరు పంపమన్నాడు.

దీపావళి వెళ్ళిన తరువాత నాన్నగారు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళారు. రెండు సంవత్సరాల నాలుగు నెలల తరువాత. కొట్టు యజమాని ఆపడానికి చూశాడు, జీతం పెంచుతానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ఉన్నది ఏడెనిమిది నెలల సర్వీసే. "ఆ మాత్రానికి ఎందుకండీ" అని మా అమ్మ అన్నది. ఎందుకో ఆయన చెప్పలేదు. ఆఫీసులో తన క్రింద పనిచేసిన కుర్రవాడు ఇప్పుడు తన పైన ఉన్నాడు. అతడు లేచి నిలబడి "కూర్చోండి మాస్టారూ" అన్నాడట. గుమాస్తాను మాస్టారనడం మా వైపు పెద్దరికానికి ఇచ్చే గౌరవమే గాని మరొకటి కాదు. ఆయన తన పాత బల్ల ఎక్కడున్నదో అడిగి, దాని సొరుగులో తాను వదిలిన గుండుసూదుల డబ్బీ అట్లాగే ఉండడం చూసి సంతోషించారు. ఇంటికి వచ్చి చెప్పిన ఒకే ఒక్క విశేషం అది.

1986 జూన్ 30న రెండవసారి పూలదండ పడింది. ఆ నవంబరులో నాకు పండితుడిగా నియామకం వచ్చింది. అవి 398 రూపాయల వేతనంతో స్పెషల్ టీచర్లను తీసుకొన్న రోజులు. ఆ సంఖ్యే వారికి ఇంటిపేరై, విరమణ దాకా విడిచిపెట్టలేదు.

ఇక్కడ పుట్టినతేదీల మాట చెప్పక తప్పదు. ఈ వయోపరిమితులన్నీ ఒక తేదీ మీద ఆధారపడినవి, ఆ తేదీ మా తరంలో సగం మందికి కల్పితం. పల్లెటూరి బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, ఐదేళ్ళు వెనక్కు లెక్కించి, జూలై 1 అని వేసేవారు. పాత అడ్మిషను రిజిస్టర్లు తిరగవేసినప్పుడు పుటల తరబడి జూలై 1వ తేదీలు చూశాను. ఊరంతా ఒకేనాడు పురుడు పోసుకొన్నట్టు! నాకూ అదే. బడి లెక్కలో నేను 1961 జూలై 1న పుట్టాను, అంటే ప్లవ నామ సంవత్సరం. మా అమ్మ లెక్కలో శుభకృత్తు, కార్తీకమాసం, చైనావాళ్ళతో యుద్ధం జరుగుతున్న రోజులు. అంటే 1962 నవంబరు. నాలుగేళ్ళు నిండకుండానే నన్ను బడిలో కూర్చోబెట్టారన్నమాట. యుద్ధం తేదీలు చరిత్రలో ఉన్నవి గనుక మా అమ్మ మాటను కాదనడానికి లేదు. కాని సర్వీసు రిజిస్టరులో ఒకసారి వ్రాసిన తేదీని మార్చరాదని 1984 నిబంధనలు. అవి ఉండవలసినవే. లేకుంటే విరమణ సమీపించినప్పుడల్లా జాతకాలు పుట్టుకొస్తాయి.

రాష్ట్రం విడిపోయినప్పుడు, 2014 జూన్ 2 నుంచి, మనకు విరమణ వయస్సు 60 అయింది. నాకు రెండేళ్ళు కలిసివచ్చాయి. 2021 జూన్ 30న, కరోనా రెండవ తాకిడి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో, పిల్లలు లేని బడిలో నేను విరమించాను. అరవై సంవత్సరాల చక్రం తిరిగి మళ్ళీ ప్లవ నామ సంవత్సరమే నడుస్తున్నది. బడి లెక్కకూ పంచాంగానికీ ఆ ఒక్కచోట పొత్తు కుదిరింది. ఆరు నెలలు తిరిగాయి. 2022 జనవరి 7న వయస్సును 62కు పెంచుతున్నట్టు ప్రకటన వచ్చింది, జనవరి 1 నుంచే అమలు. డిసెంబరు 31న దండలు వేయించుకొన్నవారు వారం రోజుల తేడాలో ఉండిపోయారు. నాతో కలిసి చదువుకొన్న ఒక మిత్రుడు నిజానికి నాకంటె ఏడాదిన్నర పెద్ద. కాని ఆయన రికార్డు తేదీ 1962 జనవరిలో ఉన్నది. ఆయన 2024 దాకా పాఠాలు చెప్పాడు. "నీకంటె చిన్నవాణ్ణిరా, గౌరవించడం నా ధర్మం" అని ఇప్పటికీ ఏడిపిస్తాడు.

1985 తీర్పు మాకు ఎందుకు వర్తించదని కొందరు అడిగారు. వర్తించదు. ఆనాడు తగ్గించి పెంచారు, నడుమ గుంట పడింది. ఈసారి పెంచడమే గాని తగ్గించడం లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీతకు ఈవల ఎవరో ఒకరు ఉంటారు. నాకు అందులో దుఃఖం లేదని చెబితే పూర్తిగా నిజం కాదు. ఉన్నదంటే, నా ఇంట్లోనే దానికి ప్రతివాది ఉన్నది.

మా చిన్నమ్మాయి బి.ఇడి. చేసి 2018 డి.ఎస్.సి. వ్రాసింది, రాలేదు. ఆ తరువాత మరొక డి.ఎస్.సి. కోసం ఎదురుచూస్తున్నది. 62 అన్న మాట వినగానే, ఎదుట నా ముఖం చూసి కాబోలు, పైకి ఏమీ అనలేదు. లెక్క నేనే చెప్పాను. 2022లో, 2023లో వయస్సు నిండి లేచేవారు ఎవరూ ఉండరు. రెండేళ్ళపాటు ఆ దారిన ఒక్క ఖాళీ రాదు. నలభై యేళ్ళ క్రితం వసారాలో నాన్నగారు నాకు చెప్పిన లెక్కే ఇది, తలక్రిందులుగా. ఆనాడు పెద్దలను లేపారు గాని పిల్లలు వెంటనే కూర్చోలేదు. ఈనాడు పెద్దలను కూర్చోబెట్టారు, పిల్లలు నిశ్చయంగా నిలుచున్నారు. నాకు ఆ రెండేళ్ళు వచ్చి ఉంటే పుచ్చుకొనేవాణ్ణా? పుచ్చుకొనేవాణ్ణి. అమ్మాయి ఎదుట ఆ మాట దాచలేదు. "మీరు పుచ్చుకోకపోతే నాకేం వచ్చేది నాన్నా, మీది ఒక్కటే కదా ఖాళీ" అన్నది. తాతగారి పోలిక.

2025లో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఏడేళ్ళ నిరీక్షణలో అభ్యర్థుల వయస్సులు పెరిగిపోయినందున గరిష్ఠ వయోపరిమితిని 44 చేశారు. మా అమ్మాయి ముప్పైమూడవ యేట ఎంపికయింది. తెలుగే. అమెరికాలో కూడ ఆ మధ్య పైలట్లకు 65ను 67 చేయాలని ప్రతినిధుల సభ 2023లో ఆమోదించిందట గాని, 2024లో వచ్చిన చట్టంలో 65నే ఉంచారు. మావాడికి ఇంకా పుష్కరకాలం ఉన్నది గనుక రెండు విధాలా ఆలోచిస్తున్నాడు. పెంచితే తనకు మంచిది, ఇప్పుడే చేరిన కుర్రవాళ్ళకు కాదు. తాను కుర్రవాడుగా ఉన్నప్పుడు పెద్దలను ఎంత తిట్టుకొన్నాడో మరచిపోలేదని వ్రాశాడు.

అమ్మాయి సర్వీసు రిజిస్టరు తెరవడానికి కావలసిన కాగితాలు మొన్న ఇంట్లో కూర్చుని సర్దింది. దాని పుట్టినతేదీ కల్పితం కాదు. తెనాలి ఆసుపత్రి ఇచ్చిన పత్రంలో 1992 ఆగస్టు 14 అని ఉన్నది. 62 చొప్పున వేళ్ళు మడిచి లెక్కవేసి, విరమణ 2054 ఆగస్టు 31 అని ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోబోయింది. పెన్సిలుతో వ్రాసుకోవమ్మా అన్నాను. నవ్వి, పెన్నుతోనే వ్రాసింది.